రొయ్య నడవడి

తాడేపల్లిగూడెమునుండి గణపవరము మీదుగా ఆకివీడునకును, ఆకివీటినుండి కైకలూరు మీదుగా ఏలూరునకును పోవు బాటసారికి, కొల్లేటి సరస్సు పరిసరములలో ఒకనాడు వరిచేలుగా నుండిన భూములు నేడు గట్లు కట్టిన చెరువులై, ఇరువైపుల కనుచూపుమేర నీరై కనిపించును. ఆ చెరువులలో కొన్నిట శీలావతియు బొచ్చెయు పెరుగుచుండగా, కొన్నిట వనామీ రొయ్య పెరుగుచున్నది. అమెరికా ఖండపు పసిఫిక్ తీరము జన్మస్థానముగా గలిగి, 2009లో మన దేశమున సాగునకు అనుమతి పొందిన ఈ రొయ్యకు మొరపెట్టుకొను గొంతు లేదు, భావము దెలుపు ముఖము లేదు. పైపెచ్చు దాని నివాసము పచ్చని కలకనీటి అడుగున. అట్టి ప్రాణికి బాధ కలిగినదని తెలియుట యెట్లు? దాని నిత్యపు నడవడిని ముందుగా ఎరిగియుండి, ఆ నడవడి తప్పిన క్షణమును పట్టుకొనుట యొక్కటియే మార్గము.

ఆ క్షణము తరచుగా వేకువకు ముందు వచ్చును. నీటికి పచ్చదనము నిచ్చు సూక్ష్మమైన ప్లాంక్టన్ పగటివేళ సూర్యరశ్మి సాయమున ప్రాణవాయువును విడుచును. చీకటి పడిన పిదప ఆ ప్లాంక్టనే, రొయ్యలతోను, అడుగున కుళ్లుచున్న మేతతుక్కుతోను పాటు, అదే ప్రాణవాయువును హరించును. రాత్రి గడచుకొలది నిల్వ తరుగుచు, సూర్యోదయమునకు కొంచెము ముందు అడుగంటును. లీటరు నీటికి నాలుగైదు మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్నంతవరకు సుఖముగా మెలగు వనామీ, అది మూడునకు దిగినపుడు మేత మందగించి, ఇంకను తగ్గినచో అడుగు విడిచి పైకివచ్చి, గట్టువారన చేరి, పారిపోవు శక్తియైన లేక తేలియాడును. కాపలావాడు టార్చి వేసినపుడు నీటి అంచున ఎర్రగా మెరయు కన్నులు బారులు తీరి కనబడినచో, డీవో (నీట కరగిన ప్రాణవాయువు) పడిపోయినదని కేకవేసి, నీటికి గాలి కలుపు ఏరియేటర్లనన్నిటిని తిప్పించుట ఈ ప్రాంతమున పరిపాటి. మబ్బు పట్టిన పగటి వెనుక వచ్చు రాత్రి ఈ ప్రమాదము మరింత అధికము. పగలు కూడబెట్టినదే స్వల్పము గదా!

వెలుగుండగా రైతునకు ఆధారము చెక్ ట్రే. సన్నని వలగుడ్డ బిగించిన ఆ పళ్లెములో కొలిచిన మేతను వేసి, నీటిలో దింపి, రెండు గంటలకు పైకి తీసి, మిగిలిన మేతను, అందు చిక్కిన రొయ్యలను పరీక్షింతురు. వనామీ దేహము పారదర్శకమైనది కాన, వీపు వెంబడి దాని పేగు సన్నని నల్లని గీతగా కనబడును. గీత నిండుగా నున్నచో మేత బాగుగా తినుచున్నది. తునకలైనను, తెల్లబారినను, ఏదో కీడు మూడినట్లే. మీసములు విరిగినవా, తోక ఎర్రబారినదా, మొప్పలు నల్లబడినవా యని కూడ చూతురు. ఎండవేళ నీటినుండి ఎత్తినపుడు రొయ్య ఒకటి రెండు మారులు ఎగిరి, పిదప తోకకండ తెల్లబడి, నడుము వంగి బిగుసుకొనిపోవుటయు కలదు. ఉప్పదనము తక్కువైన నీటిలో పొటాషియము, మెగ్నీషియము చాలకపోవుట దీనికి ఒక కారణము.

వెలుపల ఇట్లు కనబడుచుండగా లోపల జరుగునది వేరొకటి. ఆపద కలిగినపుడు రొయ్య కంటికాడలోని గ్రంథి ఒక హార్మోనును విడిచి, రక్తమున చక్కెరను పెంచును. భయవేళల మన దేహమున జరుగునదియు ఇట్టిదే. కాని కష్టము దీర్ఘమైనచో ఆ నిల్వలు తరిగి, రోగమును ఎదిరించు శక్తి క్షీణించును. 1994 ప్రాంతమున మన తీరమునకు వచ్చి టైగరు రొయ్య సాగును కుదిపివేసిన తెల్లమచ్చల వైరసు, దేహమున మరుగై యుండి, రొయ్య ఒత్తిడికి లోనైనపుడు విజృంభించును.

ఐనను ప్రతి మార్పును కీడని భ్రమపడరాదు. రొయ్య పెరుగవలెనన్న కుబుసము విడువవలెను. విడుచుటకు ముందు మేత మానును, విడిచిన పిదప మెత్తనై, కదలలేక, తోటి రొయ్యల నోట పడునట్టి స్థితిలో నుండును. అమావాస్య, పౌర్ణములకు ఈ మోల్టింగ్ (కుబుసము విడుచుట) ఎక్కువని ఎరిగిన రైతు, ఆ దినములలో ట్రేలో మేత మిగిలినంతనే మందుల దుకాణమునకు పరుగెత్తక, మేత తగ్గించి, ఖనిజలవణములు చల్లి, ఏరియేటర్లను ఎక్కువసేపు తిప్పును.

ఒకే నడవడికి రెండర్థములుండుననుటకు విచిత్రమైన ఉదాహరణము, పేరునకు రొయ్యయే ఐనను వేరొక వర్గమునకు చెందిన మాంటిస్ రొయ్యయందు కలదు. మన సముద్రతీరపు ట్రాలరు వలలలో పడునట్టియు, కొల్లేటి మంచినీట బ్రతుకజాలనట్టియు ఈ ప్రాణిని విదేశములందు కొందరు వేడుకకై ఉప్పునీటి గాజుతొట్లలో పెంచుదురు. వీనిలో కొన్ని జాతులకు గల, నత్తగుల్లలను పగులగొట్టు ముందుకాళ్లు కుబుసము విడిచిన దినములలో కొట్టుటకు పనికిరావు. ఐనను శత్రువు బొరియ దరికి వచ్చినచో, ఆ కాళ్లనే విప్పిచాచి బెదరించునని 1983లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధన తెల్పినది. ఆ వీరావేశమును చూచి ఆరోగ్యమనుకొన్న యజమాని మోసపోవును. అది బొరియ ద్వారము మూసికొని, మేత ముట్టక దాగినపుడు రోగమని బెదరి త్రవ్వి తీసినచో, మెత్తని ప్రాణిని తానే చంపుకొనును.

ఇట్టి ప్రాణులు నిజముగా భయపడునా యను ప్రశ్న శాస్త్రమునకు క్రొత్తది కాదు. 2014లో ఫ్రాన్సుదేశపు పరిశోధకులు, విద్యుదాఘాతము తగిలిన క్రేఫిష్ అను రొయ్యవంటి ప్రాణి వెలుగుదారులను విడిచి చీకటిదారులనే పట్టుటయు, మనుష్యుల ఆందోళన తగ్గించు ఔషధమిచ్చినపుడు మరల వెలుగునకు వచ్చుటయు చూచిరి. 2022లో బ్రిటన్ చేసిన చట్టము రొయ్యలను, పీతలను అనుభూతి గల ప్రాణులలో చేర్చినది.

కొల్లేటి రైతునకు ఈ చర్చ తీరువరకు ఆగు తీరిక లేదు. పూటపూటకు ట్రేలో మిగిలిన మేతను, వేకువనాటి డీవోను, మోల్టింగ్ దినములను పుస్తకమున వ్రాసికొనువాడు, తన చెరువు తీరును ఎరుగును గనుక, అది తప్పినపుడు కొన్ని గంటల ముందే మేల్కొనును. వ్రాసికొననివాడు రొయ్య తేలిన పిదప మేల్కొనును. నిండు పంటకును, దొరికిన ధరకు తెగనమ్ముకొను అకాలపు పట్టుబడికిని నడుమ పెక్కుసారులు ఆ కొన్ని గంటల యెడమే ఉండును.