వెళ్లే ముందే తిరుగు లెక్క

మన ఇళ్లలో వీసా వచ్చిన రోజు పండుగ రోజును తలపిస్తుంది. బంధువులకు ఫోన్లు వెళతాయి, ఇరుగుపొరుగు ఇళ్లకు మిఠాయి చేరుతుంది. అమ్మీ దుఆ చేస్తూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. ఆ తరువాత సూట్‌కేసు, పచ్చళ్ల సీసాలు, విమానాశ్రయానికి ఎవరెవరు వెళ్లాలన్న చర్చ. ఇంత హడావిడిలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు: "బేటా, పూర్తిగా తిరిగి వచ్చేది ఎప్పుడు?"

కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాలల నుంచి దుబాయ్‌కు, హైదరాబాదు పాతబస్తీ నుంచి సౌదీ నగరాలకు తరాలుగా మనవారు వెళుతూనే ఉన్నారు. ఆ సంపాదనతో ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల నికాహ్‌లు జరిగాయి, పిల్లలు చదువుకున్నారు. అయితే రెండేళ్లకని వెళ్లి ఇరవై ఏళ్లు ఉండిపోయినవారు కూడా మన చుట్టుపక్కలే ఉన్నారు. తండ్రిని ఫోన్‌లో మాత్రమే ఎరిగిన పిల్లలూ ఉన్నారు.

ధర్మసమ్మతమైన ఉపాధి కోసం భూమిపై సంచరించడాన్ని ఇస్లాం ప్రోత్సహించింది. కాబట్టి వెళ్లవద్దని మనం అనబోము. సన్నాహం లేకుండా వెళ్లవద్దని మాత్రం చెప్పుకోవాలి. దైవప్రవక్త (స) హిజ్రత్‌ను గుర్తు చేసుకుందాం. ప్రాణాపాయం ముంచుకొచ్చిన వేళ కూడా ఆయన (స) తన వద్దనున్న మక్కా ప్రజల అమానతులను తిరిగి అప్పగించే బాధ్యతను హజ్రత్ అలీ (రజి)కి ఒప్పగించారు. వాహనాలు ముందే సిద్ధమయ్యాయి, దారి తెలిసిన మార్గదర్శి కుదిరాడు, సౌర్ గుహలో ఆగే ఏర్పాటు జరిగింది. అల్లాహ్‌పై భారం వేయడమంటే ఏర్పాట్లు మానుకోవడం కాదని ఆ ప్రయాణం మనకు నేర్పుతోంది.

అప్పుతో మొదలయ్యే ప్రయాణం

మొదటి పరీక్ష గడప దాటకముందే ఎదురవుతుంది. ఏజెంటుకు చెల్లించడానికి లక్షన్నర రూపాయలు కావాలనుకుందాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,500 రూపాయలు వడ్డీకే పోతాయి. రెండేళ్లలో అది 1,08,000 రూపాయలు. అసలు లక్షన్నర మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. రెండేళ్లకని వెళ్లినవాడు మరో రెండేళ్లు ఎందుకు ఉండిపోతున్నాడో ఈ చిన్న లెక్క చెబుతుంది. హలాల్ సంపాదన కోసం బయలుదేరి హరామైన వడ్డీతో తొలి అడుగు వేయడం ఎంతటి విషాదం!

నిజానికి ప్రభుత్వ నమోదు పొందిన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. దానికి రసీదు ఇవ్వాలి. ఏజెంటు నమోదు పొందినవాడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఇందుకోసమే ఏర్పడిన ప్రభుత్వ సంస్థలు. "మనవాడే, మన మొహల్లావాడే" అన్న మాట రసీదుకు ప్రత్యామ్నాయం కాజాలదు.

చాలా ఇళ్లలో అప్పుకు బదులు భార్య నగలు అమ్ముతారు. మహ్ర్‌గా వచ్చినదైనా, పుట్టింటివారు పెట్టినదైనా ఆ బంగారం ఆమె సొంత ఆస్తి. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే తీసుకోవచ్చు. తిరిగి ఇస్తామని తీసుకుంటే అది అప్పు. అప్పును సాక్షుల ఎదుట రాసుకోమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశించింది. భార్యాభర్తల మధ్య కాగితమేమిటని నొచ్చుకోనవసరం లేదు. ఎన్ని తులాలు తీసుకున్నామో రాసి ఉంచడం ఆమె పట్ల అపనమ్మకం కాదు, ఆమె హక్కు పట్ల గౌరవం.

చదవకుండా సంతకం వద్దు

పదో తరగతి పూర్తికానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. తరగతికి చెందుతుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి అనుమతి పొందాలి. దీన్ని తప్పించుకునేందుకు "ముందు విజిట్ వీసాపై వెళ్లు, అక్కడ మార్చుకోవచ్చు" అని చెప్పేవారుంటారు. విజిట్ వీసాపై పనిచేయడం అక్కడి చట్టం దృష్టిలో నేరం. జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు.

సక్రమంగా అనుమతి తీసుకున్నవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు చెల్లిస్తే, ప్రమాదవశాత్తు మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల పరిహారం లభిస్తుంది. ఆ పాలసీ నకలు ఇంట్లో ఎవరి దగ్గర ఉన్నదో వెళ్లే ముందే తేల్చుకోవాలి. సూట్‌కేసు అడుగున పెట్టి వెంట తీసుకుపోతే ఇంటివారికి అది ఉందన్న సంగతే తెలియదు.

ఒప్పంద పత్రంలో మూల వేతనం ఎంత, భత్యాలు ఎంత, పనిగంటలు ఎన్ని, వసతి, వైద్యం, తిరుగు టికెట్టు ఎవరి ఖర్చు అన్నవి చూడాలి. ఉదాహరణకు యు.ఎ.ఇ.లో ఏడాది పూర్తిచేసిన ఉద్యోగికి సర్వీసు ముగింపు భత్యాన్ని మూల వేతనంపైనే లెక్కిస్తారు: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల వేతనం చొప్పున. మొత్తం జీతం పెద్దదిగా, మూల వేతనం చిన్నదిగా రాసి ఉంటే నష్టం తిరిగివచ్చే రోజున బయటపడుతుంది.

ఇంట్లో మిగిలేవారు

వెళ్లేవారి సన్నాహం గురించి అందరూ మాట్లాడతారు. మిగిలేవారి సన్నాహం గురించి ఎవరు ఆలోచిస్తున్నారు? పంపిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? భార్య తన అవసరాలకు ప్రతిసారీ మరిది ముందో మామగారి ముందో చేయి చాచాలా? అబ్బాకు రాత్రివేళ గుండెనొప్పి వస్తే ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఎవరు? ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. దూరాన ఉన్నప్పుడు ఇవే మనస్పర్థలకు బీజాలవుతాయి. భార్యాబిడ్డల పోషణ ఇంతని, తల్లిదండ్రులకు ఇంతని, పొదుపు ఇంతని అందరి సమక్షంలో ముందే నిర్ణయించుకుంటే అత్తాకోడళ్ల మధ్య సగం మాటలు పుట్టనే పుట్టవు.

కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లాలనుకునేవారు కూడా లెక్క వేసుకోవాలి. సౌదీ అరేబియాలో ప్రైవేటు ఉద్యోగుల కుటుంబ సభ్యులపై 2017 జూలైలో తలకు నెలకు 100 రియాళ్లతో మొదలైన రుసుము 2020 నాటికి 400 రియాళ్లకు చేరింది. ఆ లెక్కన భార్య, ఇద్దరు పిల్లలకు నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. ఇంటి అద్దె, బడి ఫీజులు దీనికి అదనం. ఈ భారం మోయలేక కుటుంబాలను స్వదేశానికి పంపివేసినవారు ఎందరో.

రాసుకోవలసిన తేదీ

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తిరుగు లెక్క. ఎందుకు వెళుతున్నాం? అప్పు తీర్చడానికా, ఇల్లు కట్టడానికా, దుకాణం పెట్టుబడికా? దానికి ఎంత కావాలి? నెలకు ఎంత మిగిలితే ఎన్నేళ్లు పడుతుంది? ఈ మూడింటికి జవాబు రాసుకుంటే తేదీ దానంతట అదే తేలుతుంది. రాసుకోనివారి అవసరాలు ఏటేటా పెరుగుతాయి. ఇల్లు పూర్తయ్యాక పై అంతస్తు, ఆపై కారు, ఆపై మరింత ఘనంగా పెళ్లి. తేదీ మాత్రం వెనక్కి జరుగుతూ పోతుంది.

సైనికుల భార్యల విరహవేదన తెలిసిన ఖలీఫా ఉమర్ (రజి), భర్తలు కొన్ని నెలలకు మించి ఇంటికి దూరంగా ఉండకూడదని హద్దు పెట్టినట్లు ఉల్లేఖనాలు చెబుతున్నాయి. రాజ్య రక్షణలో ఉన్నవారికే హద్దు అవసరమైతే, ఉపాధి వెతుక్కునే మనకు అవసరం లేదా? సెలవు ఎన్నాళ్లకు దొరుకుతుందో ఒప్పందంలో చూడటం కూడా భార్య హక్కును కాపాడటమే.

కాబట్టి ప్రయాణానికి ముందు ఒక రాత్రి, ఇషా నమాజు తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుందాం. అమ్మీ, అబ్బా, భార్య, ఊహ తెలిసిన పిల్లలు, అందరూ. ఇస్తిఖారా చేసుకున్న మనసుతో అప్పు ఎంతో, ఒప్పందంలో ఏముందో, ఇంటి ఖర్చు ఎలాగో, తిరిగివచ్చేది ఎప్పుడో ఒక కాగితంపై రాద్దాం. చివర ఇన్షా అల్లాహ్ అని రాసి, ఒక ప్రతి వెళ్లేవారి సంచిలో, మరొకటి ఇంటి బీరువాలో ఉంచుదాం. పరిస్థితులు మారితే ఆ తేదీ మారవచ్చు. అయితే దాన్ని ఒక్కరే మార్చకూడదు, మళ్లీ అందరూ కలిసే మార్చాలి. అప్పుడు విమానాశ్రయంలో చేయి ఊపే పిల్లవాడికి నాన్న ఎన్ని ఈద్‌ల తరువాత వస్తాడో లెక్కపెట్టుకునే వీలుంటుంది.