ఊరు వదిలినవాళ్ల లెక్క

ఢిల్లీ గాలికి భయపడి పల్లెకు వెళ్లిపోదామనుకునే తెలుగు కుటుంబాలు ఏటా కనిపిస్తున్నాయి. పల్లె నుంచి వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారో, ఎక్కడ ఆగారో ఒక ప్రభుత్వ నివేదిక లెక్కగట్టింది. సామాను సర్దే ముందు ఆ లెక్క చదవాలి.

ఎడిటర్ అడిగింది సూటిగానే ఉంది. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉంటున్న తెలుగువాళ్లు పల్లెబాట పట్టాలనుకుంటున్నారు కదా, వెళ్తే ఏం కలిసొస్తుంది, ఏం పోతుంది, ముఖచిత్ర కథనంగా రాయండి, గురువారం సాయంత్రం పేజీలు మూసేస్తాం అన్నారు. దీపావళి దాటగానే ఈ మాట ఏటా మొదలవుతుంది. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పక్కబల్ల దగ్గర, ద్వారకలో అపార్ట్‌మెంటు లిఫ్టులో, మయూర్ విహార్‌లో మాస్కు కట్టుకుని నడిచేవాళ్ల మధ్య అదే ప్రశ్న: “ఇక్కడ ఇంకెన్నాళ్లండీ?” కొందరికి తాతలనాటి ఇల్లు గుర్తొస్తుంది. కొందరి కళ్లముందు, కారెక్కితే ఏడెనిమిది గంటల్లో చేరుకునే ఉత్తరాఖండ్ కుమావూ కొండలు మెదులుతాయి.

గాలి గురించి వాదించాల్సింది ఏమీ లేదు. 2024 నవంబర్ 18న కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఢిల్లీ వాయునాణ్యత సూచీని 494గా నమోదు చేసింది. ఆ సూచీకి ఆఖరి మెట్టు 500. అప్పటి కాలుష్యమే కొనసాగితే సగటు ఢిల్లీవాసి ఆయుష్షులో 11.9 ఏళ్లు కోతపడతాయని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో అంచనా కట్టారు. అర్ధరాత్రి బిడ్డకు నెబ్యులైజర్ పట్టే తల్లికి ఈ అంకెలు ఎవరూ చెప్పనక్కర్లేదు. వెళ్లిపోవాలనిపించడం న్యాయమే. ఎక్కడికన్నదే ప్రశ్న.

లాభాలూ నష్టాలూ రెండు వరుసల్లో రాయడం మొదలుపెట్టాను. ఉత్తరాఖండ్ ప్రభుత్వ నివేదిక ఒకటి చదివాక ఆ కాగితం పక్కన పడేశాను.

ఆ రాష్ట్రం 2017 ఆగస్టులో పౌడీ కేంద్రంగా గ్రామీణాభివృద్ధి, వలసల కమిషన్‌ను పెట్టింది. జనం నోట అది పలాయన్ ఆయోగ్. 2001, 2011 జనగణనల మధ్య దేశ జనాభా పెరుగుతుంటే పౌడీ, అల్మోడా జిల్లాల్లో తగ్గిపోయింది. కమిషన్ 2018 ఆరంభంలో 7,950 గ్రామ పంచాయతీల్లో సర్వే చేయించింది. పదేళ్లలో 3,946 పంచాయతీల నుంచి 1,18,981 మంది శాశ్వతంగా వెళ్లిపోయారు. మరో 3,83,726 మంది వెళ్లారు గానీ రాకపోకలు తెంచుకోలేదు. 2011 తర్వాత 734 ఊళ్లు, పల్లెగూడేలు దీపం పెట్టే దిక్కులేక పూర్తిగా ఖాళీ అయ్యాయి. ఇవన్నీ పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చినవే. నేను మళ్లీమళ్లీ చదివింది లోపలి పట్టిక. వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు?

ఉపాధి లేక వెళ్లినవాళ్లు 50.16 శాతం. చదువుల కోసం 15.21. వైద్యం కోసం 8.83. అడవి జంతువులు పంట నాశనం చేయడం వల్ల 5.61. దిగుబడి లేక 5.44. రోడ్లు, కరెంటు, నీళ్ల వంటి వసతులు లేక 3.74. ముందు వెళ్లిన బంధువులను చూసి 2.52. మిగతావి ఇతర కారణాలు.

ఇప్పుడు ఈ పట్టికను ఢిల్లీలోని ఒక తెలుగు కుటుంబం ముందు పెడదాం. భార్యాభర్తలిద్దరూ ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం చేసేవాళ్లు, ఇద్దరు పిల్లలు. ఉపాధిని వీళ్లు వెంట తెచ్చుకుంటారు కాబట్టి మొదటి వరుస కొట్టేయవచ్చు. పల్లె సగం కష్టం అక్కడితో తీరినట్టే కనిపిస్తుంది. కానీ మిగిలిన 49.84 శాతాన్నే నూరుగా తీసుకుని మళ్లీ లెక్క కట్టాను. చదువు వాటా దాదాపు 30 శాతానికి, వైద్యం 18 శాతానికి చేరాయి. రిటైరైన దంపతులనుకుంటే చదువూ కొట్టేయాలి. అప్పుడు వైద్యం ఒక్కటే పాతిక శాతం దాటుతుంది. ఎవరికీ జబ్బు చేయనంత కాలం ఈ వరుస కంటికి ఆనదు. ముప్పై ఏళ్ల యువకుడికి మూడో స్థానంలో ఉన్న కారణం అరవై దాటిన మనిషికి మొదటిదవుతుంది.

అందుకే వైద్యం దగ్గరే ఎక్కువసేపు ఆగాను. కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్ నుంచి పెద్దాసుపత్రులున్న హల్ద్వానీకి సుమారు 70 కిలోమీటర్లు, అదీ కొండదారి. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. దానికంటే ముందు స్కాన్ తీయాలి. వానాకాలంలో కొండచరియ విరిగి దారి మూసుకుపోతే ఆ గంటలు ఎవరి చేతిలోనూ ఉండవు. మైదానంలో ఊరుంటే తిప్పలుండవనీ కాదు. సామాజిక ఆరోగ్య కేంద్రంలో సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు నలుగురూ ఉండాలన్నది నియమం. 2022 మార్చి నాటికి దేశంలోని గ్రామీణ కేంద్రాల్లో అవసరమైన నిపుణుల్లో దాదాపు 80 శాతం మంది లేరని కేంద్ర ఆరోగ్య శాఖ గణాంకాలే చెప్పాయి. 108 అంబులెన్సు 2005లో మొదలైంది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఫోన్ చేస్తే వాహనం వస్తుంది, నిజమే. కానీ అది ఎక్కడికి తీసుకెళ్తుందో, ఎంతసేపట్లో చేరుస్తుందో ముందే తెలుసుకుని ఊరు ఎంచుకోవాలి.

అడవి జంతువుల వరుస చూసి నగరవాసులు నవ్వుతారు. తెలంగాణ పల్లెల్లో కోతుల పాలైన కూరగాయల మడి చూసినవాళ్లు నవ్వరు. కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయడానికి నిర్మల్ దగ్గర ఒక కేంద్రమే పెట్టాల్సి వచ్చింది. ఉత్తరాఖండ్‌లో అడవిపందుల బెడద భరించలేక 2016లో వాటిని ఏడాదిపాటు చంపడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. పెరట్లో పండిన కూరతో బతుకుదామనుకునేవాళ్లు ముందు కంచె ఖర్చు కనుక్కోవాలి.

ఢిల్లీ తెలుగువాళ్ల చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. తెలుగువాళ్లు ఢిల్లీకి మొదట కేంద్ర ప్రభుత్వ కొలువుల కోసం వచ్చారు. వాళ్ల పిల్లల కోసమే దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. 1976లో ఏపీ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. తర్వాత నోయిడా, గురుగ్రామ్ కంపెనీలు మరో తరాన్ని లాక్కొచ్చాయి. ఊళ్లకు తిరిగి వెళ్లడమూ ఢిల్లీ చూసింది: 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ఆనంద్ విహార్ బస్టాండు నుంచి వేలాది మంది కూలీలు ఊళ్లకు పోయారు. బతుకుతెరువు లేక వాళ్లలో ఎందరో మళ్లీ నగరాలకే వచ్చారు.

భూమి కొనేముందు

కొండల్లో స్థలం అమ్ముతామనే ప్రకటనలు ఢిల్లీలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. హిమాచల్‌లో 1972 నాటి కౌలు, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం, ఆ రాష్ట్ర రైతు కానివాళ్లు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. ఉత్తరాఖండ్ 2025లో చట్టం సవరించి, హరిద్వార్, ఉధమ్‌సింగ్ నగర్ మినహా 11 జిల్లాల్లో బయటివాళ్లు వ్యవసాయ, ఉద్యాన భూమి కొనడాన్ని ఆపేసింది. ఇల్లు కట్టుకోవడానికి కుటుంబానికి 250 చదరపు మీటర్లు, అదీ ఒక్కసారే. అరకు, లంబసింగి మంచు చూసి మురిసిపోయేవాళ్లు 1/70 చట్టం గుర్తుంచుకోవాలి: ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనడం చెల్లదు. బినామీ పేరుతో కొనిపిస్తామనే మధ్యవర్తిని ఇంటి గడప తొక్కనివ్వకండి. ఆ చట్టాలన్నీ స్థానికుల చేతిలో మిగిలిన భూమిని కాపాడటానికే వచ్చాయి, నా దృష్టిలో అవి ఉండాల్సినవే.

సొంతూళ్లో పొలం ఉన్నవాళ్లకు ఈ అడ్డంకులు లేవు. కానీ ఆ పొలం ఖాళీగా లేదు కదా. ఏళ్లుగా ఎవరో కౌలుకు చేస్తున్నారు. అక్కడ పెట్టుబడి వాళ్లది, చెమట వాళ్లది. సేంద్రియ సేద్యం చేద్దామని యజమాని ఢిల్లీ నుంచి దిగితే ఒక కౌలురైతు ఇంట్లో పొయ్యి ఆగిపోవచ్చు. ఈ నష్టం మన వరుసలో పడదు కాబట్టి మనం రాసుకోం.

కమిషన్ పట్టికలో లేని వరుస ఇంకొకటుంది. కులం. నగరంలో ఫ్లాటు నంబరు చెబితే సరిపోతుంది. పల్లెలో ఎవరి తాలూకు, ఏ వీధి అన్నాకే కుర్చీ చూపిస్తారు. 1948 నవంబర్ 4న ఇదే ఢిల్లీలో, రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆకాశానికెత్తే ధోరణిని గట్టిగా కాదన్నారు. రాజ్యాంగం పునాది వ్యక్తే కావాలన్నారు. ఊరి చివర వాడలో పుట్టి, చదువుకుని, ఢిల్లీలో ఎవరి అనుమతీ అక్కర్లేకుండా బతుకుతున్న తెలుగువాళ్లకు పల్లెకు తిరిగి వెళ్లమని చెప్పే హక్కు నాకు లేదు. అలాగే అక్కడ రోజంతా అత్తవారి చుట్టాల కళ్ల ముందు బతకాల్సిన ఇల్లాలిని విడిగా కూర్చోబెట్టి అడగాలి. చాలా ఇళ్లలో ఈ ఆలోచన మగవాళ్లదే.

ఇంత రాసినా పల్లె మీద నాకున్న ప్రేమ తగ్గలేదు. వెళ్లి నిలబడినవాళ్లు ఉన్నారు. 1980లలో గొర్రెపాటి నరేంద్రనాథ్, ఉమాశంకరి దంపతులు ఢిల్లీ వదిలి అప్పటి చిత్తూరు జిల్లా పాకాల మండలం వెంకట్రామాపురంలో సేద్యానికి దిగారు. నరేంద్రనాథ్ అక్కడ దళితుల భూమి కోసం పోరాడారు. సామాజిక శాస్త్రవేత్త అయిన ఉమాశంకరి చిన్నతరహా సాగునీటిలో చెరువుల కష్టాల మీద 1991లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వ్యాసం రాశారు. జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాలను నిలబెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని 1983లో మొదలుపెట్టినవారిలో ఒకరైన పి.వి.సతీష్ దూరదర్శన్‌లో నిర్మాతగా చేసివచ్చినవారే. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలైంది 32 ఎకరాల బీడు భూమిలో. వీళ్లెవరూ మంచి గాలి కోసం పోలేదు. ఊళ్లో చేయాల్సిన పని ఉందని పోయారు, ఆ పనే వాళ్లను అక్కడ నిలిపింది. ఇంత పెద్ద పని అందరూ చేయలేరు. రిటైరైన లెక్కల టీచరు సాయంత్రం పదోతరగతి పిల్లలకు పాఠం చెప్పినా, బ్యాంకులో చేసినావిడ స్వయం సహాయక సంఘం పద్దులు సరిచూసినా ఊరు వాళ్లను తనవాళ్లను చేసుకుంటుంది.

ఎన్‌సీఆర్‌లోనే పల్లె చూసుకుంటే?

జాతీయ రాజధాని ప్రాంతం అంటే ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ మాత్రమే కాదు. హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలు కలుపుకుని 55 వేల చదరపు కిలోమీటర్లు, అందులో వేల పల్లెలు. అద్దె తగ్గుతుంది, పాలు చిక్కగా దొరుకుతాయి. గాలి మాత్రం మారదు. గంగా మైదానమంతా చలికాలంలో ఒకే పొగ కింద ఉంటుంది. పైగా పంట వ్యర్థాల మంట, ఇటుక బట్టీలు, పిడకల పొయ్యి అక్కడే. ఊపిరి కోసమే అయితే ఈ మార్పు దండగ.

చివరగా నివేదికలో నేను ఎక్కువ నమ్మే పట్టిక ఇది. ఊరు వదిలినవాళ్లు ఎక్కడికి చేరారు? 19.46 శాతం మంది దగ్గరి పట్టణానికి, 15.18 శాతం జిల్లా కేంద్రానికి, 35.69 శాతం అదే రాష్ట్రంలోని మరో జిల్లాకు. వేరే రాష్ట్రాలకు వెళ్లినవాళ్లు 28.72 శాతమే. అంటే పదిమందిలో ఏడుగురికి ఢిల్లీ అక్కర్లేకపోయింది. మూడోవంతుకు పైగా సొంత జిల్లా కూడా దాటలేదు. డాక్టరు, కాలేజీ, పూట గడిచే పని ఉన్నచోట ఆగిపోయారు. మనం ఢిల్లీ నుంచి వెళ్తూ అక్కడే ఎందుకు ఆగకూడదు? బాపట్ల, నర్సీపట్నం, పాలకొండ, జహీరాబాద్ లాంటి పట్టణంలో అద్దెకు దిగితే పొలానికి బస్సులో వెళ్లి రావచ్చు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా ఢిల్లీ ఫ్లాటు అమ్మకండి. ఏప్రిల్‌లో బోరు ఎన్ని గంటలు పోస్తుందో, ఆగస్టులో రోడ్డు తెగితే ఎన్నాళ్లకు బాగుచేస్తారో ఆ ఊళ్లో ఉన్నవాళ్లనే అడగండి. వీలైతే ఆ ఊరు వదిలి పట్టణంలో ఉంటున్నవాళ్లనూ వెతికి పట్టుకుని మాట్లాడండి. ఆ ఊరి గురించి ఏ బ్రోకరూ చెప్పనివి వాళ్లు చెబుతారు.