అసలు పరీక్ష కౌంటర్ దగ్గరే

ఫార్మకాలజీలో మార్కులు తెచ్చుకోవడం ఒక ఎత్తు, మందు అడిగే రోగిని కాపాడటం మరో ఎత్తు

పారాసెటమాల్ గురించి తెలియని ఫార్మసీ విద్యార్థి ఉండడు. జ్వరాన్ని, నొప్పిని తగ్గిస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు మించకూడదు. జవాబు పత్రంలో ఇంత రాస్తే చాలు. మరి మందుల షాపులో?

జ్వరానికి 650 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు నాలుగు వేసుకుంటున్న వ్యక్తి, ముక్కు కారుతోందని జలుబు మాత్ర అడిగాడనుకుందాం. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది. ఆ మాత్రలో 500 మిల్లీగ్రాములుండి మూడు పూటలా వేసుకుంటే మొత్తం 4,100కు చేరుతుంది. పేర్లు రెండు, మందు ఒకటే. ఆ సంగతి రోగికి తెలియదు. తెలియాల్సింది కౌంటర్ వెనకున్న మనిషికి.

ఒక రోజు కాస్త ఎక్కువైనంత మాత్రాన కొంప మునగదు. రోజుల తరబడి మోతాదు మించితే చిక్కు. ఈ మందులో అధిక భాగాన్ని కాలేయం హానిలేని పదార్థాలుగా మార్చి బయటకు పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. దాన్ని గ్లూటాథయోన్ అణచి ఉంచుతుంది. ఆ నిల్వలు అడుగంటితే విషం కాలేయ కణాలపైనే పడుతుంది. అతిగా మద్యం తాగేవారికి, సరైన తిండి లేనివారికి ముప్పు మరీ ఎక్కువ. తొలి రోజు వికారం తప్ప పెద్ద లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది కానీ, అది ఎంత త్వరగా అందితే అంత మేలు.

1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టర్ చీటీపై మందులివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. మందు వాడకం గురించి రోగికి వివరించడం ఫార్మసిస్టు పనేనని 2015 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అయినా గోడమీద సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్‌లో నిలబడేది మరొకరు అన్న షాపులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకేమైనా మందులు వాడుతున్నారా? కాలేయం, కిడ్నీ జబ్బులున్నాయా? మద్యం అలవాటుందా? ఏ మందైనా పడదా? ఈ నాలుగు ప్రశ్నలకు నిమిషం చాలు. నాలుగేళ్ల బీఫార్మసీ చదువుకు సార్థకత ఆ నిమిషంలోనే ఉంది.