సరిహద్దులు దాటిన కంపెనీ: నియమావళి ఎక్కడిది, జవాబుదారీ ఎవరిది?

చట్టం దృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి. కాని దాని తరఫున సంతకం పెట్టేవారూ, సమాధానం చెప్పేవారూ మనుషులే. ఒక దేశంలో నమోదైన కంపెనీ మరో దేశంలో వ్యాపారం చేసినప్పుడు ఆ మనుషులు ఎవరు, వారు ఎక్కడ ఉండాలి? ఈ భాగంలో మనం దీన్ని పరిశీలిద్దాం.

1. నమోదైన చోటి నియమాలు

బోర్డు సమావేశాలు, ఓటు హక్కులు, అధికారుల నియామకం వంటి అంతర్గత పాలన కంపెనీ నమోదైన చోటి చట్టాన్ని అనుసరిస్తుంది. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రాన్ని తీసుకోండి. అక్కడ నియమావళిని 'బైలాస్' అంటారు. ఏయే అధికారులు ఉండాలో బైలాస్ లేదా బోర్డు తీర్మానం నిర్ణయిస్తుంది. నియమావళి వేరుగా చెప్పకపోతే ఒకే వ్యక్తి ఎన్ని పదవులైనా నిర్వహించవచ్చు. డైరెక్టర్లు ఆ రాష్ట్రంలో నివసించనక్కరలేదు. నోటీసులు అందుకోవడానికి అక్కడ ఒక నమోదిత ఏజెంటు మాత్రం ఉండాలి. సింగపూర్ చట్టం ఇందుకు భిన్నం. కనీసం ఒక డైరెక్టరు, కంపెనీ కార్యదర్శి అక్కడి నివాసులై ఉండాలి. ఏకైక డైరెక్టరే కార్యదర్శిగా ఉండకూడదు.

2. మన దేశంలో రెండు మార్గాలు

(అ) విదేశీ కంపెనీ నేరుగా ఇక్కడ వ్యాపార స్థలం ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 380 ప్రకారం 30 రోజుల్లోగా తన నియమావళి ప్రతిని, డైరెక్టర్ల జాబితాను, నోటీసులు అందుకునే భారత నివాసి పేరు, చిరునామాలను రిజిస్ట్రారుకు సమర్పించాలి.

(ఆ) ఇక్కడే అనుబంధ కంపెనీని నమోదు చేయవచ్చు. అది పూర్తిగా భారతీయ కంపెనీయే. మాతృ కంపెనీ బైలాస్ దానికి వర్తించవు. దాని సొంత నియమావళిలో కూడా చట్టానికి విరుద్ధమైన అంశం చెల్లదని సెక్షన్ 6 చెబుతోంది.

ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు, పబ్లిక్ కంపెనీకి ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి. వారిలో ఒకరైనా ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు భారతదేశంలో ఉండాలి. ఇక్కడ చూసేది పౌరసత్వాన్ని కాదు, నివాసాన్ని. ఏడాది పొడవునా హైదరాబాదులో ఉండే విదేశీయునితో ఈ నిబంధన నెరవేరుతుంది. ఏడాదంతా న్యూజెర్సీలో గడిపే భారత పౌరునితో నెరవేరదు.

లిస్టెడ్ కంపెనీలు, రూ.10 కోట్లు లేదా అంతకు మించి చెల్లించిన మూలధనం గల పబ్లిక్ కంపెనీలు పూర్తికాలపు మేనేజింగ్ డైరెక్టరును లేదా ముఖ్య కార్యనిర్వహణాధికారిని లేదా మేనేజరును, వారితోపాటు కంపెనీ కార్యదర్శిని, ముఖ్య ఆర్థికాధికారిని నియమించుకోవాలి.

3. పేరు అరువిస్తే ఏమవుతుంది?

ఒక ఉదాహరణ ఊహించండి. అమెరికాలో స్థిరపడిన అన్న హైదరాబాదులో ప్రైవేటు కంపెనీ పెట్టాడు. "సంతకం పెడితే చాలురా" అని వరంగల్‌లో ఉన్న తమ్ముణ్ణి రెండో డైరెక్టరుగా చేర్చాడు. తర్వాత వరుసగా మూడేళ్లు వార్షిక రిటర్నులు దాఖలు కాలేదు. సెక్షన్ 164(2) ప్రకారం తమ్ముడు ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా నియామకానికి అర్హుడు కాడు. మేనేజింగ్ డైరెక్టరు వంటి కీలక అధికారులు లేకుండా, బాధ్యుడైన డైరెక్టరును బోర్డు నిర్ణయించకుండా ఉంటే, తప్పిదానికి డైరెక్టర్లందరూ బాధ్యులే. అన్నకూ బాధ్యత ఉంటుంది. కాని చట్టానికి ముందుగా దొరికేది ఇక్కడున్న తమ్ముడే. నివాస నిబంధన ఉద్దేశం కూడా అదే: ఉద్యోగికో, సరఫరాదారుకో, ప్రభుత్వానికో సమాధానం చెప్పే మనిషి అందుబాటులో ఉండాలి.

కామర్స్ చదివినవారిని బంధుమిత్రులు ఇలా అడగడం సహజం. ఒప్పుకొనే ముందు నియమావళి చదవండి. బ్యాంకు ఖాతాపై అధికారం ఎవరిదో, రిటర్నులు ఎవరు దాఖలు చేస్తారో రాతపూర్వకంగా తేల్చుకోండి. తప్పుకోదలిస్తే కంపెనీకి లిఖితపూర్వకంగా రాజీనామా ఇచ్చి, రిజిస్ట్రారుకూ ప్రతి పంపండి. అయితే రాజీనామా చేసినా, పదవిలో ఉన్న కాలంలో జరిగిన తప్పిదాలకు బాధ్యత తొలగిపోదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. విదేశీ కంపెనీ వ్యాపార స్థలానికీ, అనుబంధ కంపెనీకీ గల తేడా ఏమిటి?
2. 182 రోజుల నిబంధన ఉద్దేశాన్ని మీ మాటల్లో వివరించండి.