హైబ్రిడ్ కారునందలి చిన్న బ్యాటరీ

హైబ్రిడ్ అను మాట మన ఖమ్మము ప్రాంతపు రైతులకు క్రొత్తది కాదు. ప్రత్తి, మొక్కజొన్న, మిరప సాగుచేయువారు హైబ్రిడ్ విత్తనములను చాల కాలమునుండి ఎరుగుదురు. రెండు వేర్వేరు రకములను కలిపి పుట్టించిన పైరు హైబ్రిడ్ పైరు. అట్లే రెండు శక్తులతో నడచు కారు హైబ్రిడ్ కారు. దానియందు పెట్రోలుతో పనిచేయు ఇంజను ఒకటియు, విద్యుత్తుతో తిరుగు మోటారులును ఉండును. సంస్కృతమున దీనిని సంకరము అనవచ్చును గాని, ఆ మాటకు మన భాషలో కొంత నింద అంటియున్నది. కనుక హైబ్రిడ్ అనుటయే మేలు.

జపాను దేశమునందు టయోటా కంపెనీవారు 1997వ సంవత్సరము డిసెంబరులో ప్రియస్ అను హైబ్రిడ్ కారును విక్రయింప నారంభించిరి. అది మన దేశమునకు 2010లో వచ్చెను. 2013 నుండి కర్ణాటకలోని బిడదియందు క్యామ్రీ హైబ్రిడ్ కార్లు తయారగుట మొదలయ్యెను. 2022లో ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా మొదలగునవి వెలువడిన పిమ్మట ఈ జాతి కార్లు పెద్ద నగరములను దాటి చిన్న పట్టణములకును వచ్చినవి.

ఇట్టి కారులో ఒక కుటుంబము ఖమ్మమునుండి బయలుదేరిన దనుకొందము. వారు కొత్తగూడెము, పాల్వంచ దాటి, సారపాకవద్ద గోదావరి వంతెన నెక్కి భద్రాచలము చేరిరి. స్వామి దర్శనమైన పిదప చర్ల దారిన బంధువుల యింటికి పోవుచు, అడవి అంచున చెట్ల నీడలో భోజనమునకై ఆగిరి. పెద్దలు భోజనము ముగించి కబుర్లు చెప్పుకొనుచున్నంతసేపు పిల్లలు కారులో కూర్చుండి పాటలు వినిరి. బయలుదేరు వేళ తండ్రి మీట నొక్కెను. ఇంజను కదలలేదు. ఎదుటి పలకపై దీపములు మినుకుమినుకుమని ఆరిపోయినవి. ట్యాంకునిండ పెట్రోలు కలదు. పెద్ద బ్యాటరీయందు కావలసినంత విద్యుత్తు కలదు. అయినను కారు కదలదు. సెల్ ఫోను చూడగా సిగ్నలు లేదు. ప్రొద్దు వాలుచున్నది.

ఇది విహారయాత్ర కనుక కొంత చికాకుతో పోవును. ఏజన్సీ గ్రామమునుండి ప్రసవవేదన పడు స్త్రీని భద్రాచలము ఏరియా ఆసుపత్రికి తీసికొనిపోవుచున్న కారు ఇట్లు నిలిచిపోయిన ఏమగునో తలచుకొనుడు. ఇంత పెద్ద యంత్రము ఎందువలన మూగపోయినదో తెలిసికొనుట అవసరము.

హైబ్రిడ్ కారునందు బ్యాటరీలు రెండు. మొదటిది పెద్దది. 2010లో మన దేశమునకు వచ్చిన ప్రియస్ కారునందు ఇది 168 సెల్లుల మాల. ఒక్కొక్క సెల్లు 1.2 వోల్టులది. గుణించి చూడుడు, మొత్తము 201.6 వోల్టులగును. మోటారును నడుపునది ఇదియే. ఇంజనును తొలుత త్రిప్పి పనిలో పెట్టునదియు ఇదియే. రెండవది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. ట్రాక్టరులోను, మామూలు కారులోను ఉండు సీసపు బ్యాటరీ జాతియే యిది. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు పలకలు, గంధకికామ్లము నేటికిని ఇందు పనిచేయుచున్నవి. హారను, దీపములు, తలుపుల తాళములు, పాటల పెట్టె, అన్నింటికంటె ముఖ్యముగా కారునందలి కంప్యూటర్లు ఈ చిన్న బ్యాటరీపై ఆధారపడియున్నవి.

ఇన్నూరు వోల్టుల విద్యుత్తు ప్రాణములు తీయగలది. అందువలన కారును ఆపినంతనే పెద్ద బ్యాటరీని తక్కిన యంత్రమునుండి వేరుచేయు ఏర్పాటు కలదు. ఆ పనిని రిలేలు అను స్విచ్చులు చేయును. రిలేను చేతితో వేయరు. దానిలో ఒక విద్యుదయస్కాంతము ఉండును. ఆ అయస్కాంతపు చుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడే స్విచ్చు కలిసికొనును. అట్లు ప్రవహించు విద్యుత్తు చిన్న బ్యాటరీనుండి రావలెను. స్విచ్చు వేయుమని ఆజ్ఞాపించు కంప్యూటరు కూడ ఆ బ్యాటరీతోనే మేల్కొనవలెను. చిన్నది నీరసించినచో పెద్దది ఎంత బలముగా నున్నను బంధింపబడియే యుండును. భద్రాద్రి కథ చెప్పుకొను మనకు ఇది సులభముగా బోధపడును. సముద్రమును లంఘింపగల బలము హనుమంతునియందే కలదు. కాని ఆ బలమును గుర్తుచేయుటకు జాంబవంతుడు నోరు విప్పవలసివచ్చెను. ఇచ్చట జాంబవంతుడే సొమ్మసిల్లెను!

ఇంకొక చిక్కు కలదు. కారు సిద్ధమై పలకపై 'రెడీ' అను దీపము వెలిగిన పిమ్మట, పెద్ద బ్యాటరీయే తన విద్యుత్తును 14 వోల్టులకు తగ్గించి చిన్నదానిని నింపును. అనగా చిన్నదానికి ఆహారము పెద్దదానినుండి రావలెను; ఆ తలుపు తెరచుటకు చిన్నదే లేవవలెను. ఇంటి తాళపుచెవిని ఇంటిలోపల విడిచి తలుపు వేసికొన్నట్లున్నది ఈ వ్యవహారము.

పూర్వపు కారునందు బ్యాటరీ చెడుట ఇంత గుప్తముగా జరుగదు. తొలినాటి మోటారు వాహనములను ఎదుట నిలిచి ఇనుప కడ్డీతో త్రిప్పెడివారు. ఆ కడ్డీ ఎదురు తిరిగి చేతులు విరిగినవారు పెక్కురు. అమెరికాలో చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో క్యాడిలాక్ కార్లకు అమరిన పిమ్మట ఆ బాధ తగ్గెను. మనవారు దానినే 'సెల్ఫు' అందురు. సెల్ఫు కొట్టుటకు బ్యాటరీ ఒక్కసారిగా పెద్ద ప్రవాహము నీయవలెను. కనుక అది బలహీనపడిన కొన్నాళ్ల ముందునుండియే ఇంజను ఈడ్చి ఈడ్చి మూలుగును. డ్రైవరు ఆ మూలుగు విని, 'బ్యాటరీ పోవునట్లున్నది' అని జాగ్రత్తపడును. హైబ్రిడ్ కారులో ఇంజనును త్రిప్పునది పెద్ద బ్యాటరీ గావున ఆ మూలుగు వినబడదు. చిన్న బ్యాటరీ కంప్యూటర్లను మేల్కొల్పగలిగినన్ని దినములు అంతయు సవ్యముగనే తోచును. ఒక ఉదయమున హఠాత్తుగా ఏదియు పలుకదు. ఈ కార్లయందు నాకు లోపముగా తోచునది ఇదియొక్కటే.

చిన్న బ్యాటరీ ఏల నీరసించును? 'రెడీ' దీపము వెలుగకుండ పాటలు వినుట ఒక కారణము. అట్టి వేళ నింపువాడు లేడు, త్రాగువారే యుందురు. మరియొక కారణము కారును వారములకొలది కదల్చక నిలుపుట. ఆపియున్న కారునందును తాళపు సంకేతమునకై ఎదురుచూచు పరికరములు కొంత విద్యుత్తును పీల్చుచునే యుండును. ఆ ప్రవాహము ఒక ఆంపియరులో 50వ వంతు అనుకొందము. దినమునకు 24 గంటలు గావున రమారమి అర ఆంపియరు-గంట ఖర్చగును. 45 ఆంపియరు-గంటల బ్యాటరీ ఈ లెక్కను 45 దినములలో సగము ఖాళీ యగును. అది పాతబడినదైనచో ఇంకను శీఘ్రముగా ఖాళీ యగును.

మన ప్రాంతమున వీటికి తోడు ఎండ. కొత్తగూడెము, భద్రాచలములలో మే నెల వేడి 45 డిగ్రీలు దాటుట కలదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొలది రసాయన చర్యల వేగము సుమారు రెట్టింపగునని స్థూలమైన సూత్రము. బ్యాటరీలోపలి సీసపు చట్రములను తినివేయు చర్యలకును ఇది వర్తించును. చలిదేశములందు బ్యాటరీ శీతకాలమున మొరాయించును. మనకు వేసవి దానిని లోలోపల క్షీణింపజేయును.

మూలుగు వినబడదు గావున కొలిచి చూడవలెను. అందుకు ఎలక్ట్రీషియనులవద్దనుండు మీటరు చాలును. కారును కొన్ని గంటలు ఆపియుంచిన పిమ్మట బ్యాటరీ ధ్రువములవద్ద 12.6 వోల్టులు, లేదా కొంచెము పైన కనబడిన అది నిండుగా నున్నది. 12.2 అయిన సుమారు సగము. 12కు దిగువనున్నచో అడవి దారి పట్టరాదు. ఒక్కొక్కప్పుడు ముసలి బ్యాటరీ ఊరకయున్నపుడు మంచి అంకెనే చూపి మోసగించును. కనుక ముందు దీపములు వెలిగించి మరల చూడవలెను. అంకె వేగముగా పడిపోయిన దాని కాలము తీరినట్లే. 'రెడీ' దీపము వెలుగుచుండగా కూడ కొలువవలెను. అపుడు 14 వోల్టులకు దగ్గరగా లేక 12 వద్దనే యున్నచో దోషము బ్యాటరీది కాదు. దానిని నింపు పరికరమునది. ఇది తెలియక క్రొత్త బ్యాటరీ కొన్నవారికి వారము తిరుగకముందే పాత కథ మొదలగును.

ఇక దారిలో నిలిచిపోయిన కుటుంబము మాట. మన పల్లెవారు వాహనము ఆగిన పిలువకయే వచ్చి భుజము పట్టుదురు. జీపులను, ట్రాక్టరులను అట్లు తోసి స్టార్టు చేయుట అందరికిని అలవాటు. హైబ్రిడ్ కారును తోసి ప్రయోజనము లేదు. పైగా ప్రియస్ వంటి వాటిలో చక్రములను బిగించు పార్కింగు తాళము కూడ విద్యుత్తుతోనే విడును గావున పదిమంది తోసినను అది కదలదు. తలుపు తెరచుకొననిచో రిమోటునందు దాచియుంచిన చిన్న లోహపు తాళపుచెవిని వెలికి తీయవలెను. ప్రియస్ కారులో చిన్న బ్యాటరీ వెనుక డిక్కీలో నుండును. ఆ డిక్కీ తలుపును విద్యుత్తు లేక తెరచుట కష్టము. అందువలననే బానెట్టు క్రింద ఫ్యూజుల పెట్టెలో, బయటి విద్యుత్తు నిచ్చుటకు వేరొక ధన ధ్రువము నమర్చిరి. ప్రతి కారులోను ఈ చోటు ఒకటి కాదు. దాని స్థానమును కారుతో వచ్చిన పుస్తకమునందు ముందే చూచి యుంచుకొనవలెను.

బయటి విద్యుత్తు 12 వోల్టుల బ్యాటరీనుండియే రావలెను. ఈ దారులలో లారీలు తరచుగా పోవుచుండును. డ్రైవరులు సాయము చేయుటకు వెనుదీయరు. కాని పెద్ద లారీలలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులుండును. దానిని తగిలించిన కంప్యూటర్లు మాడిపోవును. ఇంజనును త్రిప్పవలసిన భారము లేదు గావున మరియొక కారు, లేదా ట్రాక్టరు బ్యాటరీ చాలును. మొదట ఎఱ్ఱ తీగను నీరసించిన కారు ధన ధ్రువమునకు, దాని రెండవ కొనను మంచి బ్యాటరీ ధన ధ్రువమునకు తగిలింపవలెను. పిదప నల్ల తీగను మంచి బ్యాటరీ ఋణ ధ్రువమునకు, కడపటి కొనను మన కారు ఇంజనుపై రంగు లేని లోహభాగమునకు పట్టింపవలెను. కడపటి కొన తగులునపుడు నిప్పురవ్వ లేవవచ్చును. బ్యాటరీనుండి హైడ్రోజన్ వాయువు వెలువడు అవకాశము కలదు గావున ఆ రవ్వ దానికి దూరముగా నుండవలెను. ఎఱుపు, నలుపు తారుమారు చేయరాదు. నారింజరంగు తొడుగుగల తీగలను ఎట్టి పరిస్థితియందును ముట్టరాదు. అవి పెద్ద బ్యాటరీవి.

కొన్ని నిమిషములాగి, బ్రేకు త్రొక్కి మీట నొక్కిన 'రెడీ' దీపము వెలుగును. తగిలించిన వరుసకు విలోమముగా తీగలను తీసివేసి, నడుమ ఎక్కడను ఆపక పట్టణము చేరవలెను.

క్రొత్త బ్యాటరీ కొనునపుడు పాతదాని జాతినే కొనవలెను. 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి సమీపమున కరకంబాడియందు సీసపు బ్యాటరీలు చేయుచున్నది. కనుక ఇవి మనకు దూరపు వస్తువులు కావు. అయితే ప్రయాణికులుండు భాగముననే బ్యాటరీ నమర్చిన కార్లకు, ఆమ్లమును గాజునూలు పొరలలో పీల్చి నిలుపుకొను ప్రత్యేక రకము కావలెను. దాని వాయువును బయటికి పంపు సన్నని గొట్టమును మరల తగిలించుట మరువరాదు. పాతదానిని దుకాణమునకే తిరిగి ఇచ్చినచో వెలలో కొంత తగ్గింతురు, ఏలయనగా అందలి సీసమును కరగించి మరల వాడుదురు. బ్యాటరీ మార్చిన దినమున కారులోని గడియారము వేళను, పాటల పెట్టెలో దాచుకొన్న రేడియో కేంద్రములను మరియొకసారి సరిచేసికొనవలసి యుండును.