ఫోన్‌లో వచ్చిందల్లా నిజమేనా?

పొద్దు గూకింది. పొదుపు సంఘం ఆడవాళ్లు రామాలయం అరుగు మీద కూర్చున్నారు. లీడరు పుస్తకంలో వాయిదాలు రాసుకుంటోంది. ఇంతలో ఒకామె గాభరాగా వచ్చింది. చేతిలో కొడుకు ఫోను ఉంది.

"వదినా, ఇది చూశావా? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు మన మండలంలో దిగారంట. వీడియో కూడా వచ్చింది."

అందరూ ఫోను చుట్టూ మూగారు. మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చారు. వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకున్నారు. వెళ్లిపోయారు. అంతే, వీడియో అయిపోయింది.

"అమ్మో! మా మనవడు ఇంటికి చేరాడో లేదో" అంటూ ఒక పెద్దమ్మ లేచింది.

లీడరు అడిగింది: "ఇది ఏ ఊళ్లో జరిగింది? ఎప్పుడు తీశారు? ఎవరు పంపారు?"

ఎవరూ చెప్పలేకపోయారు. "ఫోన్‌లో వచ్చింది కదా వదినా. ఊరికే వస్తుందా?" అందామె.

ఊరికే కూడా వస్తుంది. ఇలాంటి వీడియో ఒకటి 2018లో మన దేశమంతా తిరిగింది. దాని సంగతి తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అసలు ఆ వీడియో మన దేశంలో తీసింది కాదు. పాకిస్తాన్‌లోని కరాచీ పట్నంలో తీశారు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి అని తల్లిదండ్రులకు చెప్పడానికి తీసిన చిన్న సినిమా అది. చివర్లో ఆ ఇద్దరూ పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దించుతారు. ఒక అట్ట మీద జాగ్రత్త మాట రాసి చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించేశారు. మిగిలిన ముక్కను వాట్సాప్‌లో వదిలారు. మంచి కోసం తీసిన బొమ్మ చెడ్డ పుకారుగా మారింది.

దాంతో ఊరూరా భయం పట్టుకుంది. కొత్త మనిషి కనబడితే చాలు, జనం అనుమానించారు. అడుక్కునేవాళ్లనూ, దారి అడిగినవాళ్లనూ పట్టుకొని కొట్టారు. మహారాష్ట్రలో ధూలే జిల్లా ఉంది. అక్కడ రాయిన్‌పాడ అనే ఊళ్లో 2018 జూలై 1న ఐదుగురు మగవాళ్లను జనం కొట్టి చంపారు. వాళ్లు ఊరూరా తిరిగి బతికే సంచార కులం వాళ్లు. ఆ రోజు ఆదివారం, సంత జరుగుతోంది. వాళ్లలో ఒకరు ఒక చిన్నపిల్లతో మాట్లాడారని అనుమానం. అంతకు మించి ఏమీ లేదు. వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు.

తెలంగాణలో కూడా ఆ ఏడాది మే నెలలో ఈ పుకారుకు అమాయకులు బలి అయ్యారు. కానీ గద్వాల వైపు పోలీసులు ముందుగానే మేలుకున్నారు. అప్పుడు అక్కడ జిల్లా పోలీసు అధికారి రెమా రాజేశ్వరి అనే ఆవిడ. ఆమె పోలీసులను పల్లెలకు పంపారు. వాళ్లు దప్పు కొట్టి, పాటలు కట్టి, ఫోన్‌లో వచ్చేది నమ్మొద్దని చెప్పారు. ఫోను తెచ్చిన జబ్బుకు దప్పు మందయింది!

ఇంతకీ ఈ మాటలు ఫోన్‌లోకి ఎట్లా వస్తాయి?

ఫోన్‌కూ టవరుకూ మధ్య మాట గాలిలో తరంగాలుగా పోతుంది. టవరు దాటాక ఎక్కువ దారి నేలలోనే. వెంట్రుకంత సన్నటి గాజు దారాలు భూమిలో వేస్తారు. వాటిలో వెలుతురు పరుగెడుతుంది. మన మాటా, బొమ్మా అన్నీ ఆ వెలుతురు మెరుపులుగా మారి పోతాయి. సముద్రం అడుగున కూడా ఇలాంటి తీగలున్నాయి. అవి చెన్నై, ముంబయి వంటి చోట్ల ఒడ్డుకు వస్తాయి. దుబాయిలో ఉన్న కొడుకు ముఖం ఇక్కడ తల్లికి కనబడేది ఈ తీగల వల్లే. ప్రపంచంలోని కంప్యూటర్లనూ ఫోన్లనూ ఇట్లా కలిపిన వలనే ఇంటర్నెట్ అంటారు. మన దేశంలో మామూలు జనానికి అది 1995 ఆగస్టు 15న మొదలయింది.

ఈ వలకు నిజమూ అబద్ధమూ తెలియదు. ఏది వేస్తే అది మోస్తుంది. పత్రికలో అయితే వార్తను ఎవరో ఒకరు దిద్దుతారు. ఫోన్‌లో వచ్చే మాటను అట్లా చూసేవాళ్లు ఉండరు. ఎవరు రాసినా పోతుంది.

ఎంత వేగంగా పోతుందో లెక్క వేద్దాం. ఒకామె ఐదుగురికి పంపింది. ఆ ఐదుగురూ తలా ఐదుగురికి పంపారు. 25 మంది అయ్యారు. వాళ్లూ అంతే చేస్తే 125. తర్వాత 625. ఆ తర్వాత 3,125. ఐదు మెట్లలో మూడు వేలు దాటింది! అన్నం ఉడికేలోపు పెద్ద ఊరంతా పాకుతుంది.

హత్యలు జరిగాక 2018 జూలైలో వాట్సాప్ కంపెనీ కొన్ని మార్పులు చేసింది. వచ్చిన మాటను ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా మన దేశంలో కట్టడి పెట్టింది. ఇంకొకరి నుంచి వచ్చి చేతులు మారిన మాటకు పైన బాణం గుర్తు వేసింది. చాలా చేతులు మారితే రెండు బాణాలు పక్కపక్కనే ఉంటాయి. 2020 ఏప్రిల్ నుంచి ఆ రెండు బాణాల మాటను ఒకసారికి ఒక్క చోటికే పంపగలం. ఈ గుర్తు గుర్తుపెట్టుకోండి. రెండు బాణాలు కనబడితే, పంపినామె కళ్లతో చూసి చెప్పిన మాట కాదని అర్థం.

సైన్సు పేరు చెప్పి వచ్చే అబద్ధాలు ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. పెద్ద పెద్ద మాటలుంటే నిజమే కాబోలు అనిపిస్తుంది. కరోనా కాలంలో ఒక పుకారు పుట్టింది. 5జీ టవర్ల వల్లే కరోనా వస్తోందన్నారు. బ్రిటన్‌లో 2020లో కొందరు టవర్లకు నిప్పు పెట్టారు. చదువుకున్న దేశమే మరి! 2021 మే నెలలో మన ప్రభుత్వం కూడా ఈ మాట అబద్ధమని ప్రకటించాల్సి వచ్చింది. కరోనా ఒక సూక్ష్మజీవి. అది మనిషి ఊపిరి, దగ్గు, తుమ్ముల నుంచి పక్క మనిషికి పోతుంది. టవరు తరంగం మీద ఎక్కి పోలేదు. పైగా మన దేశంలో 5జీ మొదలయింది 2022 అక్టోబరులో. కరోనా అంతకు రెండేళ్ల ముందే వచ్చి ఎందరినో తీసుకుపోయింది. తారీఖులు పక్కపక్కన పెట్టి చూసినా అబద్ధం బయటపడేది.

"ఇన్ని అబద్ధాలుంటే ఆ ఇంటర్నెట్ ఆపేస్తే పోలా?" అని పెద్దమ్మ అడుగుతుంది. చాలామంది మాటా అదే. కానీ నోరు మూయించే చట్టం ఉంటే అది ఎవరి మీద పడుతుంది?

మహారాష్ట్రలో పాల్ఘర్ అనే ఊరుంది. 2012 నవంబరులో పెద్ద నాయకుడు బాల్ థాకరే చనిపోయారు. ముంబయి అంతా బందు అయింది. ఇందుకు ఊరంతా మూసెయ్యాలా అని ఒక యువతి ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె స్నేహితురాలు ఆ మాట తనకు నచ్చిందని నొక్కింది. నొక్కిందంతే. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు! తర్వాత కేసు ఎత్తేశారు, నిజమే. కానీ ఆ ఆడపిల్లలు పడ్డ భయం ఎవరు తీరుస్తారు?

అప్పట్లో ఐటీ చట్టంలో 66ఎ అనే సెక్షను ఉండేది. కంప్యూటర్‌లోగానీ ఫోన్‌లోగానీ ఎదుటివాళ్లకు చిరాకు కలిగించేలా రాస్తే మూడేళ్ల దాకా జైలు వెయ్యొచ్చు. చిరాకు అంటే ఏమిటి? కుళాయిలో నీళ్లు రావడం లేదని రాసినా సర్పంచికి చిరాకే కదా. శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్రం చదివే అమ్మాయి సుప్రీం కోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. అంటే ఏది రాసినా చెల్లుతుందని కాదు. చంపుతామని బెదిరిస్తే, కొట్టండని జనాన్ని రెచ్చగొడితే వేరే చట్టాలున్నాయి. శిక్ష పడుతుంది.

ఇక వలను మొత్తం ఆపేయడం. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఇంటర్నెట్ ఆపేశారు. అందరికీ వేగంగా అందేసరికి 2021 ఫిబ్రవరి అయింది. 2020 జనవరిలో సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఇట్లా లెక్కా పత్రం లేకుండా ఎన్నాళ్లయినా ఆపకూడదంది. ఆపే ఉత్తర్వును జనానికి తెలిసేలా ప్రకటించాలంది. ఇది దూరపు సంగతి అనుకోవద్దు. రేషను షాపులో వేలిముద్ర మిషనుకు సిగ్నల్ లేకపోతే బియ్యం కోసం ఎంతసేపు నిలబడతామో మనకు తెలుసు.

మళ్లీ అరుగు దగ్గరకు వద్దాం.

లీడరు పోలీసు స్టేషనుకు ఫోను చేసింది. అలాంటి కేసు ఏదీ లేదన్నారు. "తీసెయ్ వదినా, ఇంకెవరికీ పంపకు" అంది. ఆమె తీసేసింది. పెద్దమ్మ మాత్రం మనవణ్ణి చూసుకునే వచ్చి కూర్చుంది.

"ఈ ఫోను నీదేనా?" అని లీడరు అడిగింది.

"నాకెక్కడిది? పిల్లాడిది. వాడు నిద్రపోయాక చూస్తాను. ఆడోళ్లకెందుకు అంటాడు మీ అన్న."

ఆమె ఒక్కతే కాదు. 2019-20లో ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి ఆరోగ్య సర్వే చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 21 మందే ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారు. మగవాళ్లలో నూటికి 49 మంది దాకా వాడారు. తెలంగాణలో ఆడవాళ్లు నూటికి 27 మంది దాకా, మగవాళ్లు 57 మంది. ఫోను ఇంట్లో ఉంటుంది. చేతిలో ఉండదు.

కేరళలో 2019లో కాలేజీ హాస్టలు అమ్మాయిలకు ఒక రూలు పెట్టారు. సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోను ముట్టుకోవద్దన్నారు. ఒక విద్యార్థిని ఒప్పుకోలేదు. పాఠాలు చదువుకునేది అందులోనే అంది. హాస్టలు నుంచి పంపించేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ వాడుకోవడం చదువుకునే హక్కులో భాగమని ఆ ఏడాది సెప్టెంబరులో కోర్టు చెప్పింది. ఆమెను తిరిగి హాస్టల్లో చేర్చుకోమంది.

లీడరు ఈ సంగతి చెప్పింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"వదినా, సంఘంలో అప్పు తీసుకుంటే ఫోనుకు నెలకెంత పడుతుంది?"

లీడరు పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.