కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలు: మేత, సంఖ్య, గుడ్ల దిగుబడి

సార్వా కోతలు ముగియగానే ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లోని వరి చేలలోకి బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజ, నత్తలు, పురుగులే వాటికి మేత. దాణా ఖర్చు లేకుండా గుడ్లు పొందడమే ఈ సంచార పెంపకంలోని లాభం. కనుక ఇక్కడి ఉత్పాదకతను పాకలో పెంచే బాతుల లెక్కతో కొలవరాదు. చేను ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుంది, అందులో ఎన్ని మందలు మేస్తున్నాయి అనే రెండింటినీ కలిపి చూడాలి.

గుడ్లు పెట్టే బాతుకు రోజుకు సుమారు 150 గ్రాముల మేత అవసరం. వెయ్యి బాతులకు 150 కిలోలు. ఎకరాకు 40 కిలోల గింజ దొరుకుతుందనుకుంటే, గింజపైనే ఆధారపడిన మందకు రోజుకు దాదాపు నాలుగెకరాలు కావాలి. అంతే పెద్ద రెండవ మంద చేరితే ఆ మేర రెట్టింపవుతుంది. దూరం పెరిగేకొద్దీ తిన్న మేతలో కొంత నడకకే ఖర్చవుతుంది. మేత హఠాత్తుగా తగ్గితే బాతు ఈకలు రాల్చి, గుడ్లు పెట్టడం మానివేస్తుంది. మళ్లీ మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది.

దాళ్వా నాట్లు త్వరగా పడితే మేత రోజులు తగ్గుతాయి. అప్పుడు ఆధారం కావలసినవి కొల్లేటి లోతులేని అంచులు. బుడమేరు, తమ్మిలేరు నీరు తెచ్చే ఈ సరస్సుకు సముద్రంలోకి దారి ఉప్పుటేరు. చేపల చెరువుల గట్లు ఆ అంచులను చాలావరకు ఆక్రమించాయి. +5 అడుగుల కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అనేక గట్లను తొలగించారు. అయినా సరస్సును బాతులకు మేతభూమిగా సిఫారసు చేయడం సరికాదు. వలస పక్షులతో కలిసిన బాతు, ఏ లక్షణమూ చూపకుండానే బర్డ్ ఫ్లూ వైరస్‌ను మోయగలదు.

ఉత్తర నార్వేలో సామీలు మేపే రెయిన్‌డీర్ల విషయంలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. మంచుపై వాన పడి గడ్డకడితే అడుగున ఉన్న లైకెన్ మేత అందదు. మంద పలుచగా ఉన్నచోట పశువులు ఆ చలికాలాన్ని తట్టుకుంటాయి; కిక్కిరిసిన చోట ముందే బరువు తగ్గిన తల్లులకు బలహీనమైన పిల్లలు పుడతాయి. మంచి ఏడాదిలో అధిక సంఖ్య కలిగించే నష్టం పైకి కనిపించదు, చెడ్డ ఏడాదిలోనే బయటపడుతుంది.

అందుచేత విస్తరణ శాస్త్రవేత్తలు మందలోని తలల సంఖ్యతో తృప్తిపడక, కోతల ముందు, తరువాత కొన్ని బాతులను తూచి, ప్రతి వంద బాతులకు రోజువారీ గుడ్లను నమోదు చేయించాలి. గుడ్లు అధికభాగం తెల్లవారుజామునే పడతాయి గనుక, మందను చేలోకి తోలక ముందే లెక్క పూర్తవుతుంది.